బాప్తిస్మంతో కులం పోయిందా? ఒంగోలు చరిత్ర ఏం చెబుతోంది

క్రైస్తవంలోకి మారిన దళితుడు ఎస్సీ అవుతాడా, అతని మీద దాడి జరిగితే అట్రాసిటీ కేసు పెట్టవచ్చా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు దగ్గర మొదలైన ఈ విడత రగడ ఇంకా చల్లారలేదు. బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఫిర్యాదు చేశారు. ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్న వ్యక్తి క్రైస్తవుడే అవుతాడు, క్రైస్తవంలో కులం లేదు, కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకు వర్తించదు అని జస్టిస్ ఎన్.హరినాథ్ కేసు కొట్టేశారు. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, దాన్ని ఇంకా రద్దు చేయకపోయినా సరే, ఆ రక్షణ రాదన్నారు.

ఈ తీర్పు మీద మాట్లాడేవాళ్లంతా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గర మొదలుపెడుతున్నారు. కోస్తాలో మాదిగపల్లెలకు ఈ తగువు అంతకు ఎనభై ఏళ్ల ముందే మొదలైంది. అది అర్థం కావాలంటే ఒంగోలు చూడాలి.

ఒంగోలు చర్చిల పుట్టుక గురించి అందరూ చెప్పేదే మళ్లీ చెప్పను. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే రాక, నెల్లూరు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో జరిగిన చర్చలు, 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన జ్యూయెట్ దంపతులు ఒంగోలు కొండ ఎక్కి చేసిన ప్రార్థన, ఇవన్నీ ఆదివారం బడిలో పిల్లలు కూడా అప్పజెబుతారు. అలాగే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి. అసలు మలుపు ఈ పెద్ద అంకెలో లేదు. అంతకు పదకొండేళ్ల ముందు తాళ్లకొండపాడు అనే ఊళ్లో ఉంది.

ఆ ఊరి మాదిగ యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారి. చదువు రాదు. తోళ్ల బేరం మీద ఏలూరు, పాలకొల్లు వైపు వెళ్లి అక్కడి మిషనరీల బోధ విన్నాడు. అప్పటికే ఆయన యోగ మార్గంలో తిరిగినవాడు, గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, చుట్టుపక్కల శిష్యులున్నవాడు. అమాయకుణ్ని పట్టుకుని మార్చేశారనే కథ ఈయన దగ్గర నిలవదు. దేవుణ్ని వెతుక్కుంటూ ఇతనే కాలినడకన వెళ్లాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని తిరిగొచ్చి తన వాళ్లకు చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే, పేరయ్య చెప్పిన మాట విని సిద్ధంగా ఉన్న 28 మంది కనిపించారు. అక్కడే బాప్తిస్మం ఇచ్చాడు.

ఇక్కడ క్లౌ ముందు ఒక చిక్కు వచ్చి పడింది. ఒంగోలులో ఆయన బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర పై కులాల పిల్లలు వచ్చేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్దలు వచ్చి చెప్పారు. చదువుకున్న పై కులాలను ముందు మారిస్తే కింది కులాలు వాటంతట అవే వస్తాయన్నది ఆనాడు చాలా మిషన్లు నమ్మిన లెక్క. ఆ రోజు క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, ఘనులైనవారు అనేకులు పిలువబడలేదన్న మాట కనిపించిందట. నమ్మేవాళ్లు నమ్మవచ్చు, లేనివాళ్లు మానవచ్చు. జరిగింది మాత్రం ఇది: మాదిగలు ఉండిపోయారు, బ్రాహ్మణ పిల్లలు వెళ్లిపోయారు. ఒంగోలు సంఘం ఆ పూట నుంచి ఒక కులం సంఘంగా మారింది.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి మతం విషయాలే. ఊరి కళ్లతో చూస్తే వేరు. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లాల్సింది మాదిగ. తోలు ఒలిచి చెప్పులు, మోటబావి తొండాలు, పగ్గాలు, ఎద్దుల తోలు సామాను కుట్టిచ్చేదీ మాదిగే. దానికి బదులు కల్లంలో కొలిచి ఇచ్చే మేర, అంటే ధాన్యం వాటా, దాంతోపాటు ఆ మాంసం. జాతరలో, పెద్దల ఇళ్ల శుభాశుభాల్లో డప్పు కొట్టాలి. పొద్దున్నే కరణం మనిషి వచ్చి పిలిస్తే వెట్టికి పోవాలి. ఇదంతా కలిపి ఒక్కటే ఏర్పాటు. ఆ మాంసం ముట్టను, అమ్మవారి ముందు డప్పు కొట్టను, ఆదివారం కోతకు రాను అన్నాడంటే ఆ ఏర్పాటునే కాదన్నట్టు. మూడు నియమాలు పెట్టినప్పుడు క్లౌకి దీని లోతు పూర్తిగా తెలిసిందో లేదో గానీ, ఊరి పెద్దలకు మాత్రం వెంటనే తెలిసింది.

వాళ్లు చేసింది బహిష్కరణ. చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరిని కుండలు ఇవ్వొద్దన్నారు. కొట్లలో సరుకు అమ్మొద్దన్నారు. వీళ్ల పశువులను ఊరి బీట్లోంచి తోలేశారు. కోతలకు వేరే ఊరి కూలీలను పిలిచారు. కొన్నిచోట్ల దొంగతనం కేసులు బనాయించారు. ఇవన్నీ క్లౌ జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఆయన మరణం తర్వాత 1914లో ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ గ్రంథాన్ని బయటికి తెచ్చారు. మిషనరీ తన గొప్ప కోసం రాసుకున్నాడని ఎవరైనా అనవచ్చు. కానీ సాంఘిక బహిష్కరణ అనే మాట తెలిసిన ఏ పల్లె మనిషైనా ఈ వరస చూస్తే గుర్తుపడతాడు. వందేళ్ల తర్వాత కూడా ఇదే వరస.

ఇప్పటి వివాదానికి ఇక్కడే ముడి ఉంది. ఆ మాదిగలు బాప్తిస్మం తీసుకున్నాక ఊరు వాళ్లను క్రైస్తవులని దండించలేదు. మాదిగ పని మానేసిన మాదిగలని దండించింది. మతం మార్చుకున్నవాడికి మాదిగతనం అంటుకుని లేదనుకుంటే, గొడ్డు ఈడవలేదని వాడి మీద ఎవరికైనా కోపం ఎందుకు రావాలి?

అవతలి పక్షం కూడా చెప్పుకోవాలి. కూటి కోసం మతం మారారన్నది వాళ్ల వాదన. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కరవు చంపేసిన మాట నిజం. ఆ కరవులో మిషన్ అన్నం పెట్టిన మాటా నిజం. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. మతబోధకు రాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు కనుక మట్టి పని లెక్కలు ఆయనకు కొత్త కాదు. మిగతా చోట్ల పై కులాల మేస్త్రీల కింద మాదిగ కూలీలు పడ్డ అవస్థ చూసి ఈ పని ఎత్తుకున్నానని ఆయన రాశాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పలుగు పార, మధ్యాహ్నం గంజి వేళ బోధ.

అయితే ఒక సంగతి వాదన చేసేవాళ్లు దాటేస్తారు. కరవు పని నడిచినన్నాళ్లూ, అంటే సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చేవాళ్లు వస్తారనే భయం ఆయనకే ముందు కలిగింది. 1878 వానలు పడి, సాయం నిలిపేశాకే వెల్లంపల్లి దగ్గర జనం కూడారు. ఇక ఇచ్చేదేమీ లేదు, పొమ్మన్నా పోలేదు. ఆ జూలై 3న నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ ఏడాది చివరికి లెక్క 9,606. ఆకలి ఒక కారణం కాదని ఎవరూ అనరు. అదొక్కటే కారణమైతే గంజి ఆగిపోగానే చెదిరిపోవాల్సిన జనం ఇది.

తర్వాతి ఒంగోలు చరిత్రలో బడి, ఆస్పత్రి, జ్యూయెట్ పేరున కట్టిన పెద్ద చర్చి, రామాపట్నంలో బోధకుల సెమినరీ ఉన్నాయి. మాదిగ ఇంటి నుంచి టీచరు, కాంపౌండరు, నర్సు వచ్చింది ఆ ఏబీఎం (అమెరికన్ బాప్టిస్ట్ మిషన్) కాంపౌండు గేటు గుండానే. ఊళ్లో అక్షరం దొరకని పిల్లకు అక్కడ పలక దొరికింది. అంతా అయ్యాక కూడా కులం చర్చి మెట్ల దగ్గర ఆగలేదు. ఒంగోలు బాప్టిస్టులు ఎక్కువగా మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. ఇటు ఫిరంగిపురం వైపు కతోలిక రెడ్లు, కమ్మలు ఉన్నారు. వాళ్ల పెళ్లి సంబంధాలు ఈనాటికీ కులంలోనే చూసుకుంటారు. బాప్తిస్మం తీసుకున్న రెడ్డిని ఊరు రెడ్డి కాకుండా పోయాడని ఎన్నడూ అనలేదు, ఏ కోర్టూ ఆయన కులం పోయిందని చెప్పాల్సిన అవసరం రాలేదు. కులం పోయిందన్న మాట మాదిగకూ మాలకూ మాత్రమే వినిపిస్తోంది. క్రైస్తవంలో కులం లేదన్నది సిద్ధాంతం. చర్చిల్లోనే అది నిజం కాకపోవడం చర్చి పెద్దలు సిగ్గుపడాల్సిన విషయం, పాస్టర్లు సమాధానం చెప్పాల్సిన విషయం.

చట్టం మాత్రం సిద్ధాంతాన్నే పట్టుకుంది. బ్రిటిషు ప్రభుత్వం 1936లో ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవుణ్ని ఆ కులాల్లో లెక్కించకూడదని ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవారికి బీసీ-సి అనే వెనుకబడిన తరగతి కింద ఇస్తున్నది ఒక్క శాతం రిజర్వేషన్. 1977లో జీవో 341తో, చట్టం ప్రకారం హక్కుగా కాకుండా, కొన్ని రాయితీలు ఇచ్చారు. అవి రాయితీలే, ఎస్సీ హోదా కాదని హైకోర్టు 2025 తీర్పులో తేల్చింది కూడా.

1985 దగ్గర కాస్త ఆగాలి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆదిద్రావిడ క్రైస్తవుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. తన పక్కనే కూర్చుని అదే పని చేసే హిందూ ఆదిద్రావిడులకు ప్రభుత్వం బంకులు (చిన్న బడ్డీలు) ఉచితంగా ఇచ్చి, క్రైస్తవుడివని తనకు ఇవ్వలేదన్నది ఫిర్యాదు. సూసై కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో సెప్టెంబర్ 30న తీర్పు వచ్చింది. మతం మారాక కులం కొనసాగుతుందని చెబితే చాలదు, కొత్త మతంలో కూడా ఆ వివక్ష, ఆ వెనుకబాటు అంతే తీవ్రంగా ఉన్నాయని ఆధారాలు చూపాలి, అవి మా ముందు లేవు అంది కోర్టు.

ఆ తీర్పుకు రెండున్నర నెలల ముందు, జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. ముందురోజు తాగునీళ్ల చెరువు దగ్గర పై కులం వాళ్లు గేదెలను కడుగుతుంటే ఒక మాదిగ మహిళ ఎదిరించి మాట్లాడిందన్నది దానికి కారణం. క్లౌ కాలం నుంచి బాప్టిస్టు బోధ పాకిన పల్లెలివి. ఏసు నమ్మిన ఇళ్లు అక్కడా ఉన్నాయి. నరకడానికి వచ్చినవాళ్లు ఎవరి మతం ఏమిటని అడగలేదు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి తలదాచుకున్నది ఒక చర్చి ఆవరణలో. సుప్రీంకోర్టు అడిగిన ఆధారం ఆ ఆవరణలో గుడారాలు వేసుకుని కూర్చుని ఉంది. తర్వాత 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టానికి కారంచేడు కూడా ఒక కారణమని అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు అదే చట్టం, అదే నేల మీద, బాప్తిస్మం తీసుకున్న దళితుడికి వర్తించదంటున్నారు.

ఈ చిక్కును పల్లెలు తమకు తోచిన పద్ధతిలో సర్దుకుంటూ వచ్చాయి. ఇంట్లో ప్రభుదాసు, రత్నకుమారి. గోడ మీద వాక్యం క్యాలెండరు. బడి రిజిస్టరులో మాత్రం 'హిందూ, మాదిగ'. మండలాఫీసులో ఇచ్చే సర్టిఫికెట్టులోనూ అంతే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం అని తేలింది. ఆదివారం ఒంగోలు, గుంటూరు పల్లెల్లో తిరిగినవాళ్లెవరూ ఈ అంకెను నమ్మరు. దీన్ని చూపించి ఇది మోసం, రెండు వైపులా లబ్ధి అని అవతలి పక్షం అంటుంది. రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో అంది. కానీ నిజం రాస్తే పిల్ల సీటు, కొడుకు ఉద్యోగం, కొట్టినవాడి మీద కేసు మూడూ పోతాయని చెప్పి, అబద్ధం రాశావేమని నిలదీయడం న్యాయం కాదు.

రాజకీయంగా ఎవరికి వారు ఒక అడుగు వేసి ఆగారు. మతం మారిన దళితుల హోదా సంగతి తేల్చమని కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి పంపింది. ఒంగోలు పక్కనే ఉన్న ఈదుమూడిలో 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగిన వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఆ కులాల మధ్య వాటాలుగా పంచడం, ఎట్టకేలకు 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలుకు వచ్చింది. ఆ పంపకం జనాభా లెక్కల మీద ఆధారపడి ఉంది. మతం కాలమ్‌లో క్రైస్తవుడని రాయించుకున్న మాదిగ ఆ లెక్కలో మాదిగ కాడు. మాదిగల వాటా తగ్గుతుంది.

హైకోర్టు తీర్పు వచ్చిన రోజే, 2025 ఏప్రిల్ 30న, రాబోయే జనగణనలో కులాలను కూడా లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. క్రైస్తవమని చెప్పినవారిని షెడ్యూల్డ్ కులంగా నమోదు చేసే వీలు జనగణన నిబంధనల్లో లేదు. ఎన్యూమరేటర్ వచ్చి మతం, కులం రెండూ అడిగే లోపు కమిషన్ నివేదిక మీద కేంద్రం ఒక మాట చెప్పకపోతే, తాళ్లకొండపాడు వారసులు మరో పదేళ్లకు సరిపడా తప్పుడు జవాబు ఇస్తారు.