మేకు మునిగితే ఇనుప ఓడ ఎలా తేలింది?

పిల్లలూ, తాతయ్య ఆశీస్సులు.

మీ వర్జీనియా బళ్లో, అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము కొట్టుకున్న సివిల్ వార్ పాఠం చెప్పి, ఇనుప పలకలు బిగించిన యుద్ధనౌకల బొమ్మలు చూపించారని అమ్మ ఫోన్లో చెప్పింది. "మేకు వేస్తే బుడుంగున మునుగుతుంది కదా, మరి ఆ ఓడ?" అని అడిగారట. భలే ప్రశ్న!

సూత్రాలు మీ టీచర్ చెబుతారు, నేను గిన్నె గురించి చెబుతాను. మా ఊరి కాలవ రేవులో ఆడవాళ్లు అంట్లు తోముతుంటే ఒక్కోసారి గిన్నె చెయ్యి జారి, తేలుతూ వెళ్లిపోయేది. మేం వంతెన మీంచి దూకి, ఈదుకుంటూ దాని వెంట పడేవాళ్లం. తెచ్చిచ్చినవాడికి బెల్లంముక్క, మిగతావాళ్లకి ఏడుపు. సరే, గిన్నె దగ్గరికొద్దాం. గిన్నెకి కడుపు ఉంది. అందుకని బోలెడు నీళ్లని పక్కకి తోస్తుంది, ఆ నీళ్లు దాన్ని తిరిగి పైకి తోస్తాయి. మేకుకి కడుపేదీ?

దక్షిణాదివాళ్ల 'వర్జీనియా' అనే ఓడ అయితే గిన్నె మీద గిన్నె బోర్లించినట్టుండేది. ఉత్తరాదివాళ్లు వదిలిపోతూ తగలబెట్టిన 'మెరిమాక్' అనే కొయ్య ఓడని పైకి తీసి, దానిమీద ఏటవాలు గోడలు కట్టి, 4 అంగుళాల మందాన ఇనుము తొడిగారు. బోర్లించిన గిన్నె మీద గోలీ విసరండి, జారిపోతుంది. ఫిరంగి గుండూ అంతే. 1862 మార్చి 8న మీ వర్జీనియా తీరంలోని హాంప్టన్ రోడ్స్ అనే రేవులో అది 'కంబర్లాండ్'ని ముక్కుతో పొడిచి ముంచింది, 'కాంగ్రెస్'ని తగలబెట్టింది. పాపం, రెండూ ఉత్తరాదివాళ్ల కొయ్య ఓడలే.

మర్నాడు ఉత్తరాది 'మానిటర్' ఎదురొచ్చింది. స్వీడన్‌లో పుట్టిన జాన్ ఎరిక్సన్ గీసిన ఓడ అది. నీళ్లపైన కనిపించే అంచు అడుగున్నరే! మధ్యలో గుండ్రటి ఇనుప గది, అందులో రెండు ఫిరంగులు. ఓడని తిప్పక్కర్లేదు, ఆవిరి యంత్రంతో ఆ గదిని తిప్పి కాల్చడమే. సుమారు నాలుగు గంటలు కొట్టుకున్నా ఏదీ మునగలేదు.

ఓడల గొప్ప చూసి మురిసిపోకండి. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది సాటి మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడానికి. ఎంత తెలివిగా కట్టారని అడిగాక, ఎందుకు కట్టారని కూడా అడగాలి.

అంచు తక్కువున్న గిన్నెకి అలలే గండం. అదే ఏడాది డిసెంబర్ 31న నార్త్ కరోలినా తీరంలోని కేప్ హాటరాస్ దగ్గర తుఫానులో మానిటర్ మునిగి 16 మంది పోయారు. 2002లో ఆ గుండ్రటి గదిని పైకి తీశారు. సముద్రం అడుగున అది తలకిందులుగా పడి ఉంది! ఉప్పునీళ్లలో అన్నేళ్లు నానిన ఇనుముని ఊరికే గాలికి వదిలేస్తే పాడైపోతుంది. అందుకని మీ వర్జీనియాలోనే ఉన్న న్యూపోర్ట్ న్యూస్ ఊళ్లోని మారినర్స్ మ్యూజియంలో పెద్ద తొట్టిలో పెట్టి, దానికి పట్టిన ఉప్పు వదిలించే పని పెట్టుకున్నారు. ఎంత ఓపికో!

సెలవుల్లో నాన్నని అడిగి వెళ్లండి. గుండ్లు తగిలిన సొట్టలు ఆ ఇనుముకి ఇంకా ఉన్నాయట. ఒక్కోటి మీ అరచెయ్యంత ఉందో, అన్నం పళ్లెమంత ఉందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య