పాత డకోటా విమానం: అపోహలు – వాస్తవాలు

అపోహ: డకోటా అంటే యుద్ధ విమానం.

పుట్టింది ప్రయాణికుల కోసమే. డగ్లస్ కంపెనీ డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక దాన్నే సరుకులకూ సైనికులకూ తగ్గట్టు మార్చి సీ-47 అన్నారు. బ్రిటిష్‌వాళ్లు పెట్టిన డకోటా పేరే మన దగ్గర నిలిచింది. యుద్ధం ముగిశాక వాటికి సీట్లు బిగించి మళ్లీ జనాన్ని ఎక్కించారు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది వీటినే. ఆడవాళ్లని ఎవరూ తీసుకోని రోజుల్లో ప్రేమ్ మాథుర్ అనే మహిళకి పైలట్ ఉద్యోగం ఇచ్చిందీ ఆ సంస్థే. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. విమానం వెనక భాగంలో ఎడమవైపు వెడల్పాటి జంట తలుపులుంటే, అది సరుకుల కోసం తయారైందని గుర్తు.

అపోహ: అల్యూమినియానికి తుప్పేంటి?

ఇనుములా ఎర్రబడదు, అంతే. రేకు మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా ఉంటుంది. గీతలు పడి అది పోతే, లోపలి మిశ్రలోహం తెల్లటి పొడిగా రాలుతుంది. స్టీలు బోల్టు తగిలే చోట తేమ చేరితే మరీ వేగం. రివెట్ల వరుస పక్కన వేలితో తడిమితే పొక్కులు తగులుతాయి. అప్పుడు పైన రంగు పూశారంటే లోపల రేకు పెచ్చులూడుతూనే ఉంటుంది.

ఆరుబయట నిలిపిన విమానానికి హైదరాబాద్‌లో వానకి తోడు పావురాల బెడద. పొట్ట అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు గూటి పుల్లలతో, రెట్టలతో పూడిపోతాయి. జూన్ రాకముందే ఒక్కో రంధ్రంలో ప్లాస్టిక్ పుల్ల పెట్టి చూడాలి. రెట్టలు పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు కట్టుకుని, తడిపి, నానాక తుడవాలి. ఇనుప బ్రష్షు వాడితే దాని రజను రేకులో దిగబడి కొత్త తుప్పు మొదలవుతుంది. చాకలి సోడా, బాత్రూమ్ యాసిడ్ ఏకంగా లోహాన్నే తినేస్తాయి.

అపోహ: ఒళ్లంతా లోహమే.

కాదు. తోకలోనూ రెక్కల అంచుల్లోనూ కదిలే భాగాలైన రడ్డర్, ఎలివేటర్లు, అయిలరాన్ల మీద ఉండేది గుడ్డ. డోపు అనే వార్నిష్ లాంటి పూత పూసి బిగించిన గుడ్డ మన ఎండకి పెళుసైపోతుంది. ఎంత బిగువుందోనని వేలితో నొక్కి చూడొద్దు, చిరుగుతుంది.

అపోహ: ఇంత పాతది ఇక ఎగరదు.

1944 నాటి 'పరశురామ' అనే డకోటా బ్రిటన్‌లో బాగై, 2018లో మన దేశానికి ఎగురుకుంటూ వచ్చింది.

అపోహ: ప్రొపెల్లర్ రోజూ చేత్తో తిప్పితే ఇంజన్ పదిలంగా ఉంటుంది.

ఇంజన్‌ని పాడుచేసే అలవాటు ఇదే. 14 సిలిండర్లు గుండ్రంగా అమరి ఉంటాయి కాబట్టి, నిలిచిన ఇంజన్‌లో నూనె అడుగు సిలిండర్లలోకి జారుతుంది. నూనె అణగదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తిప్పకతప్పదంటే అడుగు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు విప్పి, నూనె కారనిచ్చి, తర్వాతే తిప్పాలి. ప్రదర్శనకే ఉంచిన ఇంజన్‌కి తుప్పును ఆపే నూనె లోపల చల్లి, ప్లగ్గుల స్థానంలో సిలికా జెల్ నింపిన ప్లగ్గులు బిగించడం మేలు. వాటిలోని నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పట్టినట్టే, వెంటనే మార్చాలి.