ఫైల్ కనిపించట్లేదా? అపోహలు - వాస్తవాలు

డేటా రికవరీ కోసం నా దగ్గరికి వచ్చే కంప్యూటర్లలో చాలాసార్లు ఫైళ్లు ఎక్కడికీ పోయి ఉండవు. పోయాయన్న టెన్షన్‌లో చేసే పనులే అసలు నష్టం తెస్తాయి.

అపోహ: ఫోల్డర్ కనిపించలేదంటే డిలీట్ అయినట్టే.

వాస్తవం: ముందు పక్క ఫోల్డర్లలో చూడండి. మౌస్ బటన్ నొక్కి ఉండగా చెయ్యి కాస్త కదిలితే చాలు, మీ ఫోల్డర్ పక్కదానిలోకి వెళ్లిపోతుంది. విండోస్‌లో ఒకే డ్రైవ్ లోపల లాగితే ఫైల్ మూవ్ అవుతుంది, వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. ఎటు పోయిందో తెలియకపోతే పేరుతో సెర్చ్ చేయండి.

అపోహ: కంట్రోల్ జెడ్ (చేసిన పనిని రద్దు చేసే కీలు) టైపింగ్‌లో తప్పులకే.

వాస్తవం: ఫోల్డర్ విండోలోనూ పనిచేస్తుంది. మూవ్, రీనేమ్, రీసైకిల్ బిన్‌లోకి వెళ్లిన డిలీట్, అన్నీ వెనక్కి వస్తాయి. మ్యాక్‌లో కమాండ్ జెడ్. కాకపోతే చివరగా చేసిన పనే ముందు రద్దవుతుంది. అది కాపీ అయితే ఆ కాపీ పోతుంది, కాబట్టి చూసుకుంటూ నొక్కండి. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే ఈ అవకాశమే ఉండదు. ఏ సమస్యకైనా ‘ఒకసారి ఆపి ఆన్ చేద్దాం’ అనేవాళ్లు ఇక్కడ మాత్రం ఆగాలి.

అపోహ: ఏది డిలీట్ చేసినా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది.

వాస్తవం: షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినవి ఉండవు. పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ ఫోల్డర్లలోవి కూడా సాధారణంగా ఉండవు.

అపోహ: బిన్ ఖాళీ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్ ఉందిగా!

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించే మాట ఇదే. పాత రకం హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేస్తే ఆ చోటు ఖాళీ అని సిస్టమ్ గుర్తు పెడుతుందంతే, డేటా అక్కడే ఉంటుంది. దాని మీద కొత్తది పడనంతవరకే ఆశ. చాలామంది రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేసి, వెతుకుతున్న ఫైల్ మీదే రాసేస్తారు. ఆ డ్రైవ్‌ని వాడకండి, సాఫ్ట్‌వేర్‌ని వేరే డ్రైవ్ నుంచి నడపండి, దొరికినవి కూడా వేరేచోటే సేవ్ చేయండి. ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) కథ వేరు. ఏ చోటు ఖాళీ అయిందో డ్రైవ్‌కి చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, డిలీట్ అయిన డేటాను డ్రైవే తుడిచేసుకుంటుంది. ఒక్కోసారి నిమిషాల్లోనే. అప్పుడు నేను కూడా చేయగలిగింది పెద్దగా ఉండదు.

అపోహ: క్లౌడ్‌లో ఉంది కదా, అదే బ్యాకప్.

వాస్తవం: సింక్ అవుతుంటే ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ముందు అక్కడ చూడండి.