బడి మాన్పిస్తే మత్తు మానదు

"ముందు ఆ అలవాటు మాననివ్వండి, చదువు సంగతి తర్వాత చూద్దాం." కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట నేను ఎక్కువగా వినే మాట ఇది. టీనేజీ పిల్లల మత్తు వాడకం గురించిన అపోహల్లో ఇంతకంటే నష్టం చేసేది మరొకటి లేదు.

బడి మానిన పిల్లవాడికి మిగిలేవి ఖాళీ పగలు, అతనికంటే ముందే బడి మానేసిన స్నేహితులు. బడితో అనుబంధం మత్తుకు దూరంగా ఉంచే బలాల్లో ఒకటని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. శిక్ష పేరుతో సస్పెండ్ చేసే బడులు కూడా ఆ తాడునే తెంపుతున్నాయి.

కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిసి ఒక తండ్రి అతన్ని బడి మాన్పించారు. "కళ్లెదుటే ఉంటాడు కదండీ" అన్నారు. పగలంతా ఉద్యోగంలో ఉండే ఆయన కళ్లెదుట ఎలా ఉంటాడో నాకు అర్థం కాలేదు. సాయంత్రాలకే పరిమితమైన వాడకం పగటికీ పాకింది. అబ్బాయిని విడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు వరస బయటపడింది: లెక్కల క్లాసంటే భయంతో ఎగ్గొట్టడం ముందు, గంజాయి తర్వాత. బడివాళ్లతో మాట్లాడి పూట బడితో మొదలుపెట్టించాం, లెక్కలకు విడిగా సాయం ఏర్పాటు చేయించాం. ఆ తర్వాతే మత్తు గురించి మాట్లాడటానికి అతను ఒప్పుకున్నాడు.

మార్కులు బాగున్నాయి కాబట్టి భయం లేదంటారా? మార్కులు చాలాసార్లు ఆలస్యంగా తగ్గుతాయి. హాజరు పట్టీ చూడండి, ఏ రోజు, ఏ పీరియడ్ పోతోందో. మూత్ర పరీక్షే తేల్చేస్తుందనేదీ భ్రమే. గంజాయి రోజూ వాడినవారికి మానేసిన కొన్ని వారాల వరకు కూడా పాజిటివ్ రావచ్చు. నిజంగా మానిన పిల్లవాణ్ని అబద్ధాలకోరు చేయకండి. పీల్చే ద్రావకాలు (వైట్‌నర్, థిన్నర్ లాంటివి) మామూలు పరీక్ష కిట్లలో కనిపించవు, అవి మొదటిసారే గుండె ఆపేయగలవు. ఈ-సిగరెట్‌లో ఉండేది ఉత్త ఆవిరి కాదు, చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. "మంచి కుటుంబాల్లో ఇలాంటివి ఉండవు" అనేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

ఇంటి వాతావరణంతో ఏమవుతుందిలే అని నిరాశపడేవాళ్లు ఐస్‌లాండ్‌ను చూడాలి. గత నెలలో మద్యం మత్తులో పడ్డామని చెప్పిన 15-16 ఏళ్ల పిల్లలు అక్కడ 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయాన్ని పెంచడం, బడి తర్వాత ఆటలు, కళలు అందుబాటులోకి తేవడం ఆ కృషిలో ముఖ్యమైన భాగాలు.

సెలవు తప్పనిసరయ్యే సందర్భాలూ ఉన్నాయి. రోజూ మద్యమో నిద్రమాత్రలో వాడుతుంటే ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు రావచ్చు, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. అప్పుడు కూడా సెలవు చీటీలోనే తిరిగి బడికి వచ్చే తేదీ రాయించండి.