తిల్ల పాలలో మందు

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో, చెక్క వంతెన మీద నిలబడి తెల్ల మడ ఆకును వేలితో రాస్తే సన్నని పలుకులు అంటుకుంటాయి. నాలుక మీద వేసుకుంటే అచ్చమైన ఉప్పు. వేర్ల ద్వారా వచ్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోని గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. పక్కనే పెరిగే తిల్ల చెట్టుకు ఆ గ్రంథులు లేవు. అది కొంత ఉప్పును ముదురాకుల్లో చేర్చి, అవి ఎర్రబడ్డాక రాల్చేస్తుంది.

తిల్ల కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. ఒంటి మీద పడితే బొబ్బలు లేస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లు పోగొట్టే మడ అని ఇంగ్లీషువాళ్లు దీనికి పేరు పెట్టారు.

వాయవ్య ఆస్ట్రేలియాలో సేకరించిన తిల్ల ఆకులు, కాడల నుంచి అమెరికా శాస్త్రవేత్తలు ఫోర్బాల్ ఎస్టర్లు అనే రసాయనాల వర్గానికి చెందిన ఒక పదార్థాన్ని వేరుచేసి 1995లో ప్రకటించారు. ప్రయోగశాలలో అది హెచ్‌ఐవీని అడ్డుకుంది. విశేషమేమిటంటే, తిల్ల పాలలో ఒంటిని మండించే పదార్థాలు కూడా ఈ కోవకు చెందినవే.

తిల్లది ఆముదం కుటుంబం. అదే కుటుంబానికి చెందిన మమాలా చెట్టు సమోవా దీవుల్లో ఉంది. అది ఉప్పు నేల చెట్టు కాదు కానీ, దాని కథ తెలిస్తే తిల్ల విలువ అర్థమవుతుంది. అక్కడి నాటువైద్యులు మమాలా బెరడును కాచి కామెర్లకు ఇచ్చేవారు. అందులో దొరికిన ప్రోస్ట్రాటిన్ కూడా ఫోర్బాల్ వర్గానిదే. హెచ్‌ఐవీ కొన్ని కణాల్లో నిద్రపోతున్నట్టు దాక్కుంటుంది, అక్కడ మామూలు మందులు దాన్ని ఏమీ చేయలేవు. ప్రోస్ట్రాటిన్ ఆ నిద్రను చెడగొట్టి వైరస్‌ను బయటికి రప్పిస్తుంది. ఫోర్బాల్ ఎస్టర్లలో కొన్ని కణితులను పెంచుతాయి, ప్రోస్ట్రాటిన్‌కు ఆ గుణం లేకపోవడం పెద్ద ఊరట.

ఉప్పు ఎక్కువైతే మొక్క కణాల్లో ఆక్సిజన్ విషపు రూపాలు దాలుస్తుంది. దాన్ని తట్టుకోవడానికి చాలా ఉప్పు నేల మొక్కలు ఆ విషాన్ని విరిచే పాలిఫినాల్స్ అనే పదార్థాలను దండిగా తయారుచేసుకుంటాయి. అందుకే వాటిలో మందులు వెతుకుతున్నారు. అయితే ఫలానా మడ చెట్టు కషాయం బాక్టీరియాను చంపిందన్న వార్త చదివినప్పుడల్లా నేను కాస్త ఆగుతాను. మడ చెట్లలో టానిన్లు అనే వగరు పదార్థాలు మెండు. అవి ఏ ప్రొటీన్‌ దొరికితే దాన్ని పట్టేస్తాయి కనుక గాజు పళ్లెంలో సూక్ష్మజీవులు చావడం వింత కాదు. టానిన్లు తీసేశాక కూడా పనిచేస్తేనే ఆశ పెట్టుకోవాలి. తిల్ల నుంచి ఎయిడ్స్ మందు ఇంకా రాలేదు. ఆ పాలతో సొంత వైద్యం మాత్రం ఎవరూ చేసుకోవద్దు.

మమాలా నుంచి మందు వస్తే లాభంలో వాటా ఇస్తామని పరిశోధకులు సమోవాతో ఒప్పందం చేసుకున్నారు. మన 2002 జీవవైవిధ్య చట్టం కూడా అలాంటి వాటా గురించే చెబుతుంది. రేపు తిల్ల నుంచి ఏదైనా వస్తే, ఆ లెక్కలో కోరింగ చుట్టుపక్కల పల్లెలు ఉండాలని నా గట్టి కోరిక.