శూన్యం అప్పు చేయదు

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక మాట దాటేశాను. ‘ఏమీ లేని చోట కణాలు పుట్టి మాయమైపోతాయట కదా తాతయ్యా, శక్తిని అప్పు తీసుకుని ఎవరూ పట్టుకునేలోపు తీర్చేస్తాయట కదా?’ అన్నారు. నిజం చెప్పాలంటే ఆ అప్పు కథ నేనూ ఏళ్ల తరబడి క్లాసులో చెప్పినదే. పిల్లలు నవ్వేవారు, బెల్లు కొట్టేవారు, పాఠం అయిపోయేది. కథ మాత్రం తప్పు.

దారానికి ఒక గోళీ కట్టి వేలాడదీశారనుకోండి. ఊగి ఊగి చివరికి నడిమధ్యలో కదలకుండా ఆగుతుంది. అదే గోళీ పరమాణువంత చిన్నదైతే అలా ఆగలేదు. ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది అనే రెండూ ఒకేసారి కచ్చితంగా తేలవని 1927లో జర్మన్ శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ చెప్పాడు. ‘నడిమధ్యలో, సున్నా వేగంతో’ అంటే రెండూ తేలిపోయినట్టే కదా! అందుకే ఎంత చల్లబరిచినా కాస్త శక్తి మిగిలిపోతుంది. ద్రవ హీలియంలో ఇది కంటికే కనిపిస్తుంది. మైనస్ 273 డిగ్రీల అంచుదాకా తీసుకెళ్లినా, మామూలు పీడనంలో అది గడ్డకట్టదు. గాలి పీడనానికి 25 రెట్లు పెట్టి నొక్కితే తప్ప దాని పరమాణువులు వరుసలో కుదురుకోవు.

ఇప్పుడు ఒక పెట్టెలోంచి గాలి, దుమ్ము, వెలుతురు అన్నీ తీసేద్దాం. వెలుతురు అలలకు ఆధారమైన విద్యుదయస్కాంత క్షేత్రం మాత్రం పోదు, అది తీసి బయట పెట్టే వస్తువు కాదు. లెక్కల్లో ఆ క్షేత్రం అంటే లెక్కలేనన్ని గోళీలు, ఒక్కో రకం అలకు ఒకటి. ప్రతిదానికీ ఆ మిగులు ఉంటుంది. కాబట్టి క్షేత్రాన్ని కొలిస్తే సగటు సున్నాయే వస్తుంది గానీ, విడివిడి కొలతలు అటూ ఇటూ పడతాయి. దీనికి ‘శూన్యపు ఒడిదుడుకులు’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు కాస్త చిరాకు. వింటే కుతకుత ఉడికే గిన్నె గుర్తొస్తుంది. ఉడకడమంటే క్షణక్షణం మారడం. శూన్యం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది, తేడాలన్నీ కొలతల్లోనే.

మరి మీరడిగిన, పుట్టి మాయమయ్యే కణాలో? వాటినే వర్చువల్ కణాలంటారు. రెండు ఎలక్ట్రాన్లు ఎంత గట్టిగా నెట్టుకుంటాయో లెక్క కట్టాలంటే ఒక్క దెబ్బలో తేలదు, ముక్కలుగా కూడుకుంటూ పోవాలి. అమెరికన్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఒక్కో ముక్కకూ ఒక బొమ్మ గీశాడు. బొమ్మ మధ్యలో ఉండే గీతలే వర్చువల్ కణాలు. గీతలు కలిసే ప్రతి చుక్క దగ్గరా శక్తి జమాఖర్చు పైసాతో సహా సరిపోతుంది. ఇక అప్పెక్కడిది?

1948లో డచ్ శాస్త్రవేత్త కాసిమిర్ ఒక చిత్రమైన లెక్క చేశాడు. విద్యుదావేశం లేని రెండు లోహపు పలకల్ని శూన్యంలో ఎదురెదురుగా, బాగా దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పలకల మధ్య అన్ని రకాల అలలూ ఇమడవు. పలకలు దగ్గరయ్యేకొద్దీ వాటి మధ్య ఉన్న మిగులు శక్తి తగ్గుతుంది, అందుకే ఆ లాగుడు. దూరం సగమైతే లాగుడు 16 రెట్లవుతుంది. అయినా మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరంలో, చదరపు మీటరు పలక మీద ఆ లాగుడు గ్రాములో ఎనిమిదో వంతు బరువంతే! 1997లో అమెరికన్ శాస్త్రవేత్త లామొరో దీన్ని కచ్చితంగా కొలిచాడు. రెండు పలకల్ని అంత దగ్గరగా, వంకర లేకుండా నిలపడం నరకం కాబట్టి ఒక పలకకు బదులు ఉబ్బెత్తు గాజు కటకానికి లోహపు పూత వేసి వాడాడు. అన్నట్టు, ఇదే బలాన్ని రెండు పలకల్లోని ఎలక్ట్రాన్ల కదలికల వల్ల పలకల మధ్య పుట్టే ఆకర్షణగా లెక్క కట్టినా అదే జవాబు వస్తుంది. కాబట్టి ‘ఇదిగో, వర్చువల్ కణాల్ని పట్టేశారు’ అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి.

ఆ మిగులు శక్తితో ఫోన్ ఛార్జ్ చేసుకోవచ్చా అని చిన్నోడు అడిగాడు. కుదరదురా. అది అన్నిటికన్నా కింది మెట్టు, అక్కడి నుంచి ఇంకా దిగితేనే కదా శక్తి చేతికొచ్చేది. పలకలు దగ్గరికొచ్చేటప్పుడు కాస్త పని చేసిపెడతాయి. మళ్లీ విడదీయడానికి అంతా మనమే పెట్టుకోవాలి.

మీ తాతయ్య