ఏ ఫ్రీక్వెన్సీ అని కాదు, ఎంత మెల్లగా అని అడగండి: నాద సాధనలో అపోహలు, వాస్తవాలు

కొట్టి మోగించే కంచు గిన్నెలు, వేలాడదీసి వాయించే పెద్ద లోహపు పళ్లెం గాంగ్, కొడితే ఒకే స్వరం పలికే ట్యూనింగ్ ఫోర్కులు, ఓంకారం, తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి, హెడ్‌ఫోన్లలో వినే బీట్లు. మనసు నెమ్మదించడానికి, ఒళ్లు వదులవడానికి ఇవన్నీ పనికొస్తాయి. అయితే వీటి గురించి చలామణీలో ఉన్న మాటలు చాలావరకు పరీక్షకు నిలబడవు. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవారు మొట్టమొదట అడిగేది "ఏ ఫ్రీక్వెన్సీ మంచిది?" అని. అడగాల్సినవి వేరే ఉన్నాయి. శబ్దం ఎంత మెల్లగా ఉండాలి, ఎంత దూరం నుంచి రావాలి, ఊపిరి ఎంత నిదానంగా వదలాలి, శబ్దం ఆగాక ఎంతసేపు ఊరికే ఉండాలి? ఫలితమంతా వీటి మీదే ఆధారపడుతుంది.

అపోహ: 432 హెర్ట్జ్ ప్రకృతి స్వరం, 440 మనసును చెదరగొడుతుంది, 528 కణాలను బాగుచేస్తుంది.

హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్న లెక్క. సెకను మనుషులు ఏర్పాటు చేసుకున్న కొలత. సెకను నిడివిని వేరేలా నిర్ణయించుకుని ఉంటే అదే స్వరానికి వేరే అంకె వచ్చేది. కాబట్టి 432 అన్న అంకెలో ప్రకృతి రహస్యం ఏమీ లేదు. సంగీతకారులు శ్రుతికి ప్రమాణం పెట్టుకున్నది కలిసి వాయించడానికి. ఫ్రాన్స్ 1859లో 435ను ఎంచుకుంది. 1939లో లండన్‌లో జరిగిన సమావేశం 440కి మొగ్గింది, తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1955లోనూ 1975లోనూ దాన్నే ఖాయం చేసింది. 432కీ 440కీ ఉన్న తేడా అర్ధస్వరంలో మూడో వంతు కూడా లేదు.

528తో కూడిన "పురాతన స్వరాల" జాబితా 1990ల చివర్లో ప్రచారంలోకి వచ్చింది. వెయ్యేళ్ల కిందటి ప్రార్థనా గీతాల నుంచి తీసుకున్నామని చెబుతారు గానీ, ఆ రోజుల్లో స్వరాన్ని సెకనుకు ఇన్ని కంపనాలని లెక్కగట్టే పద్ధతే లేదు. ట్యూనింగ్ ఫోర్క్ కూడా 1711లో గానీ పుట్టలేదు. ఇక భూమి "గుండె చప్పుడు" అని చెప్పే 7.83 హెర్ట్జ్ అసలు శబ్దమే కాదు, అది భూమికీ, ఆకాశంలో ఎత్తున ఉండే అయనావరణం అనే పొరకూ మధ్య తిరిగే విద్యుదయస్కాంత తరంగం. పైగా మన చెవి సుమారు 20 హెర్ట్జ్ దిగువన స్వరాన్ని పట్టుకోలేదు.

గిన్నె కొనేటప్పుడు దాని మీద రాసిన అంకెను పక్కన పెట్టి చెవితో ఎంచుకోండి. ఒక్కసారి మెత్తగా కొట్టి, నాదం పూర్తిగా అణిగేదాకా వినండి. మధ్యలో పళ్లు బిగుసుకున్నా, భుజాలు పైకి లేచినా ఆ గిన్నె మీకు పనికిరాదు.

అపోహ: అసలైన గిన్నెలో బంగారం, వెండితో సహా ఏడు లోహాలు ఉంటాయి.

పాత గిన్నెలను పరీక్షించినప్పుడు తేలింది ప్రధానంగా కంచే. సుమారు 77, 78 పాళ్లు రాగి, మిగతాది తగరం, ఇతర లోహాలు ఉన్నా లేశమాత్రం. ఆ నాదం తగరం ఎక్కువగా ఉన్న కంచుది, దాన్ని సాగగొట్టిన పనితనానిది. గిన్నెలో వినిపించే "వావ్... వావ్" ఊగు ఎలా వస్తుందో కూడా చెప్పుకోవాలి. చేత్తో కొట్టిన గిన్నె ఎప్పుడూ అచ్చమైన వృత్తంగా ఉండదు. అందువల్ల ఒకే స్వరం రెండుగా చీలి, అతి దగ్గరగా ఉన్న రెండు పౌనఃపున్యాలు ఒకదానితో ఒకటి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. భౌతికశాస్త్ర పాఠంలో చదివిన విస్పందనాలు ఇవే. సెకనుకు ఒకటి రెండు సార్లు ఊగే గిన్నెను చాలామంది ఇష్టపడతారు. ఊగు మరీ వేగంగా ఉంటే వినేవారికి అలజడిగా అనిపిస్తుంది.

వాయించడంలో పొరపాట్లు ఎక్కువగా చేతి దగ్గరే జరుగుతాయి. గిన్నెను చాచిన అరచేతిలో పెట్టాలి, వేళ్లు గోడను తాకకూడదు. తాకితే నాదం అక్కడే చచ్చిపోతుంది. మెత్తటి తొడుగున్న కర్రతో అంచుకు కాస్త కిందుగా తాకించి, కర్ర తనంతట తానే వెనక్కి వచ్చేలా వదిలేయాలి. అంచు చుట్టూ తిప్పేటప్పుడు కర్రర్ర్ మని గరగరలాడుతోందంటే, అంచు కంపనం పెరిగి కర్రను ఎగరగొడుతోందని అర్థం. చాలామంది అప్పుడు ఇంకా వేగంగా తిప్పుతారు, గరగర ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది దానికి వ్యతిరేకం: వేగం తగ్గించండి, ఒత్తిడి కొద్దిగా పెంచండి, కర్ర వాలు మార్చకండి. మధ్యరకం గిన్నెకు ఒక చుట్టుకు రెండు మూడు సెకన్లు పట్టాలి.

విశ్రాంతి కోసమైతే తిప్పడం కన్నా కొట్టి వదిలేయడమే మేలని మా అభిప్రాయం. తిప్పితే శబ్దం పెరుగుతూ పోతుంది. కొట్టి వదిలితే సన్నబడుతూ పోతుంది, దాని వెంట ధ్యాస కూడా సన్నబడుతుంది. మొదటి నాదం పూర్తిగా వినపడకుండా పోయాక, ఒక ఊపిరి ఆగి, అప్పుడు రెండోది కొట్టాలి. నేర్చుకునేవారికి అన్నిటికన్నా కష్టమైన పని ఈ ఆగడమే.

అపోహ: శబ్దం ఎంత గట్టిగా, ఎంత దగ్గరగా ఉంటే అంత లోతుగా దిగుతుంది.

ఇది హాని చేసే అపోహ. పని ప్రదేశాల్లో పాటించే లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటల దాకా భరించవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్న గదిలో పెద్ద గాంగ్‌ను ఊపు మీద వాయిస్తే ఈ అంకెలు దాటడం ఎంతసేపూ పట్టదు. పైగా ఉన్నట్టుండి వచ్చే పెద్ద శబ్దానికి ఒళ్లు ఉలిక్కిపడుతుంది, గుండె వేగం పెరుగుతుంది. అప్పటిదాకా తెచ్చుకున్న నెమ్మది ఒక్క దెబ్బతో పోతుంది.

పడుకుని వినేవారి చెవి ఉండే చోట ఫోన్ పెట్టి, శబ్దం కొలిచే యాప్‌తో చూసుకోండి. ఎక్కువసేపు 60, 65 దగ్గర, అంటే మామూలు సంభాషణ స్థాయిలో ఉంటే చాలు. గాంగ్‌కూ తలకూ మధ్య కనీసం రెండు మీటర్లు వదలండి. అసలు దెబ్బకు ముందు నాలుగైదు సార్లు వినీ వినపడనట్టుగా తట్టి గాంగ్‌ను కదలికలోకి తేవాలి. అలా చేయకుండా కొడితే ముందు లోహం చప్పుడు వస్తుంది, నాదం ఆ తర్వాత వస్తుంది. చెవి పక్కన గిన్నె కొట్టడం, తలకు గిన్నె బోర్లించి కొట్టడం అసలు వద్దు.

అపోహ: ఒంట్లో 70 శాతం నీరే కాబట్టి శబ్దం ప్రతి కణాన్నీ సరిచేస్తుంది.

గాలిలో వచ్చే శబ్దం చర్మానికి తగిలినప్పుడు వెయ్యిలో దాదాపు 999 పాళ్లు వెనక్కి మళ్లుతాయి. గాలికీ కండకూ సాంద్రతలో, ధ్వని వేగంలో ఉన్న తేడా అంతటిది. అందుకే స్కానింగ్ చేసేటప్పుడు జెల్ రాస్తారు. గదిలో మోగే గిన్నె మన మీద పనిచేసేది ముఖ్యంగా చెవి ద్వారానే.

నేరుగా ఒంటిని తాకితే సంగతి వేరు. చర్మం లోపల కంపనాన్ని పట్టుకునే ప్రత్యేకమైన గ్రాహకాలు ఉన్నాయి, సెకనుకు 200 నుంచి 300 కంపనాల దగ్గర వాటికి స్పర్శ బాగా తెలుస్తుంది. నార్వేలో 1980లలో మొదలైన వైబ్రోఅకౌస్టిక్ పద్ధతిలో మంచంలో అమర్చిన స్పీకర్ల నుంచి 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మంద్రస్వరాలు ఒంటికి అందిస్తారు. గిన్నెను ఒంటి మీద పెట్టాలంటే మంద్రంగా మోగేదీ, కిలోకు మించనిదీ తీసుకుని, కింద మడత పెట్టిన గుడ్డ వేసి, పొట్ట మీదో వీపు మీదో తొడల మీదో పెట్టండి. పెట్టగానే కొట్టవద్దు. బరువుకూ చల్లదనానికీ ఒళ్లు అలవాటు పడాలి, పది ఊపిర్లు ఆగండి. మెడ మీద, ఛాతీ ఎముక మీద వద్దు.

ట్యూనింగ్ ఫోర్కుల్లో, కొసలకు బరువులున్న 128 హెర్ట్జ్‌ది ఒంటికి ఆనించడానికి అనువైనది. కాళ్లలో స్పర్శ ఎలా ఉందో చూడటానికి డాక్టర్లు వాడేదీ అదే. రబ్బరు ముక్క మీదో అరచేతిలో మణికట్టు దగ్గరి మెత్తటి భాగం మీదో కొట్టాలి, బల్ల అంచు మీద కొడితే ఫోర్క్ శ్రుతి తప్పుతుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కంపనం సరిగా తెలియదు, కాబట్టి తెలిసేదాకా నొక్కి పట్టకూడదు.

అపోహ: బైనారల్ బీట్స్ స్పీకర్‌లో పెట్టినా పనిచేస్తాయి.

పనిచేయవు. ఎడమ చెవికి 200, కుడి చెవికి 210 హెర్ట్జ్ విడివిడిగా అందితే, సెకనుకు పదిసార్లు ఊగే బీట్‌ను మెదడు తనే తయారుచేసుకుంటుంది. రెండు చెవుల సంకేతాలు మెదడు కాండంలో కలిసేచోట ఇది జరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ విల్హెల్మ్ డోవ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గమనించాడు. స్పీకర్‌లో పెడితే రెండూ గాలిలోనే కలిసిపోయి మామూలు విస్పందనం అవుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా ఫోన్ సెట్టింగుల్లో రెండు చెవులకూ ఒకే శబ్దం పంపే మోనో ఆడియో ఆన్ అయి ఉంటే ఇదే జరుగుతుంది, ఒకసారి చూసుకోండి. స్వరం 1000 హెర్ట్జ్ దాటినా, రెండింటి తేడా 30 హెర్ట్జ్ దాటినా బీట్ మసకబారుతుంది. శస్త్రచికిత్సకు ముందు ఆందోళన తగ్గిందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. మెదడు తరంగాలు ఆ లయకే తిరుగుతాయన్న మాట మీద మాత్రం ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు.

అపోహ: భ్రామరి మహిమ అంతా రక్తనాళాలను వదులుచేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుదే.

2002లో స్వీడన్ పరిశోధకులు చూపించింది నిజమే: మామూలుగా ముక్కుతో ఊపిరి వదిలినప్పటికన్నా, ఝుంకారం చేస్తూ వదిలినప్పుడు ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాదాపు 15 రెట్లు పెరిగింది. ఆ కంపనానికి సైనస్ గదుల్లోని గాలి కదిలి బయటికి రావడమే దీనికి కారణం. సైనస్ దారులు మూసుకుపోయినవారిలో ఈ పెరుగుదల కనిపించదు. అయితే మనసుకు వచ్చే నెమ్మదికి ఈ వాయువే మూలమని అందులో ఎక్కడా తేలలేదు. గొంతు కంపించి, మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడికి మర్దన జరుగుతుందన్న మాటకూ అంతకన్నా బలం లేదు.

అసలు పని ఊపిరిది. 2001లో ఇటలీ పరిశోధకులు జపమాల ప్రార్థననూ యోగ మంత్రాన్నీ పోల్చి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, రక్తపోటును సర్దే ప్రతిచర్య చురుకైంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ ప్రభావం పెరిగి గుండె నెమ్మదిస్తుంది. ఝుంకారం చేస్తే ఆ వదలడం దానంతట అదే నిడివిగా సాగుతుంది. భ్రామరి గొప్పతనం ఇదే: లెక్కపెట్టకుండానే ఊపిరిని పొడిగిస్తుంది.

చేసే పద్ధతి ఇలా. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా కూర్చోండి. పెదవులు కలపండి, పళ్ల మధ్య మాత్రం సందు ఉంచండి. కథ వింటూ "ఊఁ" కొట్టేటప్పుడు మీ గొంతు ఎక్కడ పలుకుతుందో అదే మీ స్థాయి, అంతకన్నా పైకి పోవద్దు. ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చి, ఆరు నుంచి ఎనిమిది సెకన్లు మెల్లగా "మ్‌మ్‌" అంటూ వదలండి. ఊపిరి పూర్తిగా అయిపోయే ముందే ఆపండి. చివరిబొట్టు దాకా పిండితే తర్వాతి ఊపిరి గబుక్కున లాగాల్సి వస్తుంది, లయ అక్కడే తెగిపోతుంది. ఎనిమిది, పది సార్లు చాలు.

చెవులు మూసుకునేటప్పుడు వేళ్లు లోపలికి దూర్చవద్దు. చెవి రంధ్రం ముందుండే చిన్న మృదులాస్థిని మెత్తగా నొక్కితే సరిపోతుంది. ముక్కు దూలం మీద వేలు పెట్టి చూసుకోండి. అక్కడా పెదవుల మీదా జిలజిల తెలిస్తే సరిగ్గా ఉన్నట్టు. గొంతులోనే తెలుస్తోందంటే దవడ బిగుసుకుందన్నమాట. గొంతు గీరుకుంటే స్వరం ఎక్కువైంది, తగ్గించండి. తల తేలిపోతుంటే ఊపిరి మరీ పెద్దదిగా, త్వరత్వరగా పీలుస్తున్నారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అవుతుంది, ఆపి మామూలుగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది.

అపోహ: మధ్యలో శబ్దం ఆగితే సెషన్ తేలిపోతుంది.

2006లో వెలువడిన ఒక అధ్యయనంలో రకరకాల సంగీతం వినిపిస్తూ మధ్యలో రెండు నిమిషాలు నిశ్శబ్దం ఇచ్చారు. ఆ విరామంలో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలుకాక ముందున్న స్థాయి కన్నా కిందికి దిగాయి. నలభై నిమిషాల సెషన్‌లో కనీసం రెండుచోట్ల రెండేసి నిమిషాలు, చివర్లో ఐదు నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా వదలండి. ఫ్యాన్ రొద, ఫోన్ వైబ్రేషన్ ముందే ఆపేయాలి.

అపోహ: తర్వాత తలనొప్పి వస్తే విషాలు బయటికి పోతున్నట్టు.

కాదు. శబ్దం ఎక్కువైంది, లేదా మెడ కింద ఎత్తు సరిగా లేదు, లేదా ఊపిరి మరీ ఎక్కువగా తీశారు. ఏడుపు రావచ్చు, బిగింపు సడలినప్పుడు కొందరికి వస్తుంది. దానికి "పాత కర్మ పోతోంది" లాంటి అర్థాలు అంటగట్టకుండా, ఆ మనిషికి తోడుగా ఉండి, కళ్లు తెరిచి గదిని చూడమని చెప్పండి.

అపోహ: ఇది ఎవరికైనా సురక్షితమే, మందులు కూడా మానేయవచ్చు.

మూర్ఛ ఉన్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలున్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు డాక్టర్‌ను అడగకుండా ఒంటి మీద కంపనం పెట్టించుకోకూడదు. చెవుల్లో హోరు, మైగ్రేన్ ఉన్నవారికి గాంగ్ పడకపోవచ్చు. గతంలో గాయపడిన మనసులకు, పెద్ద శబ్దాలకు బెదిరేవారికి ముందే ఒక గిన్నె వినిపించి, ఎప్పుడైనా చెయ్యి ఎత్తితే ఆపేస్తామని మాట ఇవ్వాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఆధారాల విషయానికొస్తే, 2017లో 62 మందితో జరిగిన గిన్నెల అధ్యయనంలో ఉద్రిక్తత, కోపం, అలసట తగ్గాయి. కానీ పోల్చడానికి ఊరికే పడుకున్న మరో బృందం లేదు, కాబట్టి ఎంత భాగం గిన్నెలదో, ఎంత భాగం పడకదో విడదీయలేం. 2011లో బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు ఓంకారం చేసేటప్పుడు మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన ప్రాంతాల చురుకు తగ్గడం చూశారు, "స్‌స్‌" అన్న శబ్దం చేసినప్పుడు అలా కాలేదు. అది కొద్దిమందితో చేసిన పని. ఆందోళన, రక్తపోటు, నిద్రలేమి మందులు వాడుతున్నవారు వాడుతూనే ఇది చేయాలి. మందు మానమని చెప్పే శిక్షకుడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

అపోహ: మధ్యలో నిద్రపోతే ఫలితం దక్కదు.

నిద్ర పట్టిందంటే ఒంటికి నిద్ర బాకీ ఉంది, పోనివ్వండి. గురక పక్కవారిని ఇబ్బంది పెడితే మోచేతిని మెల్లగా తాకితే చాలు. ముగించేటప్పుడు మాత్రం గంట కొట్టి లేపకూడదు. ముందు మాటతో పిలవండి, వేళ్లు కదిలించమనండి, పక్కకు తిరిగి ఒక నిమిషం ఉండి, చేతి ఆసరాతో లేవమనండి. ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బండి నడపాల్సినవారు కనీసం పది నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరాలి.